మా వీధి మలుపులో రెండు విజిళ్లు

నా ఖాకీ కోటు వెనక మరక పడిందని మొదట నాకు చెప్పింది రాజ్యలక్ష్మి. పదేళ్ల పైమాట. అప్పుడు నేను రేపల్లె డిపోలో కండక్టర్ని. తెనాలి రూట్లో పొద్దుటి సర్వీసు నాది. యాభైకి దగ్గర పడుతున్నాను. ఆ రోజు డ్యూటీ దిగి, కౌంటర్లో సంచీ, టిక్కెట్ మిషనూ అప్పగించి వస్తుంటే, తను వెనకనుంచి వచ్చి నా భుజమ్మీద చెయ్యి వేసింది. కబుర్లు చెబుతున్నట్టుగా, మరక కనబడకుండా నా వెనక అడ్డంగా నడుస్తూ ఆడవాళ్ల గదిలోకి తీసుకెళ్లింది. తనూ కండక్టరే. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. డిపోలో తన నోటికి కంట్రోలర్లు కూడా జంకేవాళ్లు.

"ఏంటక్కా ఇది? వేమూరు నుంచీ ఇట్టాగే నిలబడ్డావా?" అంది.

కూర్చుంటే సీటు పాడవుతుందని నిలబడ్డానన్నాను.

"సీటు సంగతి మేనేజరు చూసుకుంటాడులే. నీ మొహం చూసుకో, సున్నం కొట్టినట్టుంది."

ఈ ఉద్యోగం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కండక్టరుకి సీటు ఉంటుంది కానీ కూర్చునే వీలుండదు. భట్టిప్రోలులో ఎక్కినవాళ్లకి టిక్కెట్లు కొట్టడం అయ్యేసరికి తర్వాతి ఊరు వస్తుంది. రెండు బస్టాండ్ల మధ్య ఆడమనిషి వెళ్లడానికి చోటు లేదు. అందుకని నేను డ్యూటీలో మంచినీళ్లు తాగడం మానేశాను. నెలకోసారి రావలసింది సగం నెల ఉంటోంది. ముద్దలుగా పడుతోంది. ముట్లు ఆగే వయసులో ఇంతేననుకుని ఏడాదిగా నెట్టుకొస్తున్నాను.

ఎవరితోనూ అనలేదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్లలేదు. అమ్మే వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పి, పదో తరగతి ప్రైవేటుగా రాయించింది. ఒంట్లో బాగోకపోతే దేవుడితో చెప్పుకుని ఊరుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. అమ్మ పోయింది, ఆయన అంతకుముందే పోయారు. పిల్లలు లేరు. ఇక చెప్పుకోవడానికి దేవుడే మిగిలాడు.

నా భయమల్లా ఉద్యోగం గురించే. సిక్ పెట్టి ఎక్కువకాలం ఇంట్లో ఉంటే పెద్ద డాక్టర్ల ముందుకు పంపుతారు. వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే బస్సెక్కనివ్వరు. రాజ్యలక్ష్మి మాత్రం తేల్చి చెప్పేసింది.

"గర్భసంచి తీయించేసుకో, పీడా పోద్ది. నేను ముప్పై రెండుకే తీయించేసుకున్నా. మా వీధిలో ఉన్నవాళ్లు తక్కువ, లేనివాళ్లే ఎక్కువ."

పెద్ద ఆపరేషనంటే నెలల తరబడి బరువెత్తకూడదు, కుదుపులు తగలకూడదు. కాలవ కట్ట మీద మా రోడ్డుకి అది కుదిరే పని కాదు. ఆ ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్లి, ఒక సహోదరికి ఆరోగ్యం బాగాలేదు, ప్రార్థించండని చెప్పాను. పేరు చెప్పలేదు. ఆయన ఆ సహోదరి కోసం ప్రార్థన చేస్తుంటే అందరితో పాటు నేనూ తల వంచుకున్నాను. బయటికొచ్చాక మా స్త్రీల సమాజం వాళ్లు, పాపం ఎవరో ఆవిడ అనుకున్నారు. ఎవరోనండి అన్నాను.

తెనాలిలో ఒక లేడీ డాక్టరు దగ్గర స్కానింగ్ అయింది. గర్భసంచి లోపల గోడకి పులిపిరిలాంటి చిన్న కండ పెరిగిందనీ, దానివల్లే ఇంత పోతోందనీ ఆవిడ చెప్పారు. ముందు రక్తం పట్టడానికి మందులు వాడి, తర్వాత సన్నటి కెమెరా గొట్టం కిందనుంచే పంపి ఆ కండ తీసేస్తామన్నారు. కోత లేదు, కుట్లు లేవు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. తీసిన ముక్కని పరీక్షకి పంపుతారు. అందులో చెడ్డది ఏమీ లేకపోతే సంచి జోలికి వెళ్లక్కర్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. దేవునికి స్తోత్రం అనుకున్నాను.

అప్పుడు నర్సమ్మ, "మీతో ఎవరొస్తారండి?" అని అడిగింది. మత్తు ఇస్తారు కాబట్టి సంతకం పెట్టేవాళ్లూ, తీసుకెళ్లేవాళ్లూ ఉండాలంది. ఎవరూ లేరండి అంటే, అట్లా కుదరదమ్మా అంది. రోజూ ఎంతమందినో ఎక్కించుకుని దించే మనిషిని, నాకు తోడు ఒక్కరి పేరు చెప్పలేకపోయాను. తిరుగు బస్సులో టిక్కెట్ తీసుకుని కూర్చుని వచ్చాను. నన్నెరిగిన ప్రయాణికులు, ఈరోజు డ్యూటీ లేదా అమ్మా అని అడుగుతుంటే సెలవు పెట్టానని చెప్పాను.

మర్నాడు డిపోలో రాజ్యలక్ష్మి, ఏమన్నారని నిలదీసింది. చెప్పాను.

"సంతకమేగా. పెడతా. నాకు రాదనుకున్నావా ఏంటి?" అంది.

మా దగ్గర ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకునే పద్ధతి ఉంది. ఇద్దరూ ఒప్పుకుని కంట్రోలరుకి చెబితే చాలు. తను ఇంకొకామెతో మార్చుకుని నాతో వచ్చింది. కాగితంలో 'రోగికి ఏమవుతారు' అన్నచోట చెల్లెలు అని రాసింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు తనకి కూడా బొమ్మ గీసి చూపించారు, ఇది ఇక్కడుంది, ఇంతవరకే తీస్తాం అని. తను ఆ బొమ్మ కేసి చాలాసేపు చూసింది.

"నాకూ ఇట్టాగే పోయేదండి. మరి నాకెందుకు మొత్తం తీశారండి?" అంది.

ముందు స్కానింగ్ చేశారా, ఏముందని చెప్పారు అని డాక్టరుగారు అడిగారు. స్కానింగ్ లేదండి, పిల్లలు పుట్టారుగా ఇంకెందుకన్నారండి అంది. అండాశయాలు ఉంచారా అంటే అవేంటో తనకి తెలియదు. డాక్టరుగారు పెన్ను మూత పెట్టి, చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, ఎముకల పరీక్ష ఒకటి చేయించుకోమ్మా అన్నారు. నా ఆపరేషన్ అయ్యాక సాయంత్రం రాజ్యలక్ష్మే నన్ను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇంటికి తీసుకొచ్చింది.

ఇంటికొచ్చాక పొత్తికడుపులో నొప్పి, కొంచెం మరక, కళ్లు తిరగడం. అవన్నీ డాక్టరు ముందే చెప్పినవే. చెప్పనిది ఒకటుంది. మా వైపు కుట్లున్న ఆపరేషనే ఆపరేషన్. కుట్లుంటే చూడ్డానికి వస్తారు, బత్తాయిలు తెస్తారు, పథ్యానికి కారప్పొడి దంచి పంపుతారు. ఇంటివాళ్లావిడ గుమ్మంలోనే నిలబడి, "కుట్లు కూడా లేవంటగా, అదృష్టవంతురాలివి," అని వెళ్లిపోయింది. గుడివాళ్లకి తెలియదు, తెలియనివ్వలేదు నేను. గంజి కాచుకుని గిన్నెలోనే తాగేదాన్ని. ముక్క పరీక్ష ఫలితం రావలసి ఉంది. ప్రార్థనకి కూర్చుంటే నా గొంతు తప్ప ఇంట్లో వేరే చప్పుడు ఉండేది కాదు.

మా ఇల్లు తెనాలి రోడ్డు మలుపులో ఉండేది. ఒక పొద్దున బస్సు మలుపు తిరుగుతుండగా రెండు విజిళ్లు వినిపించాయి. ఒక విజిల్ వేస్తే ఆపమని, రెండు వేస్తే పోనిమ్మని. అక్కడ స్టేజీ లేదు. ఆగని బస్సుకి పోనిమ్మని విజిల్ వెయ్యడం మా వృత్తిలో ఉండదు. కొత్త కండక్టరు కాబోలనుకున్నాను. తిరుగు ట్రిప్పులో మళ్లీ రెండు. మర్నాడూ అంతే. మూడోనాటికి బస్సు వేళకి లేచి, గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాను. వెనక తలుపులో రాజ్యలక్ష్మి ఉంది, మా కిటికీ కేసి చూస్తూ. చెయ్యి ఊపలేదు, విజిల్ వేసింది. అప్పటినుంచి ఆ బస్సు వేళలే నేను నడిచే వేళలయ్యాయి.

ముక్కలో చెడ్డది ఏమీ లేదని వచ్చింది. ఫిట్‌నెస్ కాగితం తీసుకుని డ్యూటీలో చేరాను. కొన్నాళ్లు ఎంక్వయిరీ బల్ల దగ్గర లైట్ డ్యూటీ ఇచ్చి, తర్వాత మళ్లీ తెనాలి బస్సెక్కించారు. మలుపులో విజిల్ ఎందుకేశావని తనని అడిగాను.

"గేదెలు అడ్డొచ్చాయక్కా," అంది.

"రోజూనా?"

"వాటికి టైమింగ్స్ ఉంటాయి."

ఎముకల పరీక్షకి వెళ్లమని నేను చాలాసార్లు చెప్పాను. తీరిక లేదనేది. కొన్నేళ్లకి భట్టిప్రోలు దాటాక డ్రైవరు బ్రేకు వేస్తే ఫుట్‌బోర్డు దగ్గర పడింది. చిన్న దెబ్బే, తుంటి ఎముక విరిగింది. నేను భయపడ్డ ఆ అన్‌ఫిట్ కాగితం తనకి వచ్చింది. ఇప్పుడు బాపట్లలో తమ్ముడింట్లో ఉంటోంది. వాకర్ పట్టుకుని వసారా దాకా వస్తుంది. నేను రిటైరయ్యాక నెలకోసారి వెళ్లొస్తున్నాను.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. రక్తం ఎక్కువ పోతుంటే ఓర్చుకోకూడదు, చూపించుకోవాలి. గర్భసంచి తీసేద్దామన్న డాక్టర్ని, లోపల ఏముంది, తీయకుండా నయం కాదా అని అడగాలి. నాకు ఆ మాట అడక్కుండానే చెప్పే డాక్టరు దొరికారు. తనకి దొరకలేదు. మా ఇద్దరికీ తేడా అంతే.

మీలో ప్రార్థన చేసుకునేవాళ్లుంటే, పూజ చేసుకునేవాళ్లుంటే, ఒక సహోదరి అని కాకుండా పేరు పెట్టి తలుచుకోండి. రాజ్యలక్ష్మి, బాపట్ల.