రెండోసారి చెప్పిన మాట

ఫ్రాన్సులో, మార్సెయ్ లో బస్సు దిగగానే మా మెడల్లో తలా ఒక చిన్న డబ్బా వేశారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దానికో వైరు, వైరు చివర చెవిలో పెట్టుకునే బుడిపె. టూర్ మేనేజరు తన మైకులో చెప్పేది మా ముప్ఫై మందికీ చెవిలోనే వినపడుతుంది కాబట్టి గుంపులో ఎంత వెనకబడినా ఫరవాలేదు. మేనేజరు నలభై ఏళ్ళావిడ, తెలుగావిడే, గొంతు మాత్రం బాగా సన్నం. "అందరికీ వినపడుతోందాండీ?" అని ఆమె అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తింది మావారు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మండపేట దాకా వెనక్కి వెళ్ళాలి.

మావారు అక్కడ ముప్ఫై ఎనిమిదేళ్ళు రైసుమిల్లు నడిపారు. మిల్లు వెనకే మా ఇల్లు. మిల్లు ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా అందదు. అందుకని లోపల అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి చూపిస్తే ఆపమని. చూపుడువేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పితే, ఆపొద్దు, నడవనీ అని. పెళ్ళయిన కొత్తలో నేను క్యారేజీ పట్టుకెళ్ళి ఏదో చెప్పబోతుంటే ఆయన నా మొహం ముందే వేలు తిప్పారు. నాతో వేళాకోళమా అని చిన్నబుచ్చుకుని వచ్చేస్తుంటే మేస్త్రి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, అది మీక్కాదండి బాబూ, మాకండి. మిషను ఆపొద్దంటన్నారండి."

అప్పుడు నవ్వుకున్నాను. తరవాత తరవాత నవ్వు రావడం మానేసింది. ఏం చెప్పినా ఆయన "ఊఁ" అనేవారు. అనడమే గాని చేసింది లేదు. మూడు విజిల్స్ రాగానే కుక్కరు కట్టేయండి అని చెప్పి గుడికి వెళ్తే, నేను తిరిగొచ్చేసరికి వీధిలోకే మాడు వాసన. ఆయన స్టవ్వుకి పది అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. అలాగని చెవుడు అనుకుందామా అంటే, గేటు బయట లారీ హారన్ కొడితే అందరికంటే ముందు లేచేది ఆయనే. ఊకలారీ ఏదో, బియ్యం లారీ ఏదో ఇంజను చప్పుడుని బట్టి చెప్పేవారు. లారీ మాట వినపడి పెళ్ళాం మాట వినపడకపోతే దాన్ని చెవుడంటారా, లెక్కలేనితనం అంటారా? నేను రెండోదే అనుకున్నాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో! సామెత నోటినిండా వాడాను గాని, అందులో ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం జంగారెడ్డిగూడెం నించి మా తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మకి బాగాలేదని. ఆయన టిఫిన్ తింటున్నారు. నేను చట్నీ తేవడానికి వంటింట్లోకి వెళ్తూ అక్కణ్ణించే చెప్పాను. "అమ్మకి బాగాలేదట. పొద్దున్నే వెళ్ళాలి, మీరూ రండి." ఆయన "ఊఁ" అన్నారు. పొద్దున్న నేను చీర మార్చుకుని వచ్చేసరికి మిల్లులోకి వెళ్ళిపోయారు. పిలవడానికి నాకు మనసొప్పలేదు. ఒక్కదాన్నే బయల్దేరి, రాజమండ్రిలో బస్సు మారి వెళ్ళాను. దారిలో ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోరోజు అమ్మ పోయింది. కబురందుకుని వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, మా వాళ్ళందరి ముందూ నన్ను అడిగిన మొదటి మాట ఇది: "మీ అమ్మకి బాలేదని నాకెందుకు చెప్పలేదే?"

అంతమందిలో అంత అబద్ధం ఎలా ఆడగలిగారా అనుకున్నాను. ఆ రోజే మనసులో ఒట్టు పెట్టుకున్నాను, ఈ మనిషికి ఏ మాటైనా ఒక్కసారే చెప్తాను, రెండోసారి చెప్పను అని. నా పట్టు సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళూ నిలబెట్టుకున్నాను. వింటే విన్నారు, లేకపోతే లేదు. క్రమంగా ఇంట్లో మాటలే తగ్గిపోయాయి.

ఆయనకి అరవై నిండాక మిల్లు లీజుకిచ్చేశారు. షష్టిపూర్తి హడావుడి వద్దు, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్ళి రండి అని రాజమండ్రిలో ఉన్న మా అమ్మాయి ఈ ఓడ ప్రయాణానికి డబ్బు కట్టింది. బార్సిలోనాలో ఎక్కి, ఊళ్ళన్నీ చూసుకుని మళ్ళీ బార్సిలోనాలోనే దిగడం. నేను ఒప్పుకున్నది చర్చిలు చూద్దామని కాదు. మిల్లు చప్పుడు లేని చోట, వేరే పని లేని మనిషి, పన్నెండు రోజులు నా పక్కనే ఉంటారు. అప్పుడైనా నాతో మాట్లాడతారేమో చూద్దాం, అప్పుడూ ఊఁ అనే అంటే తిరిగి రాగానే బట్టలు సర్దుకుని అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోదాం అనుకున్నాను. కోపంలో అనుకున్న మాట కాదది. తాపీగా, బీరువా సర్దుకుంటూ అనుకున్నాను.

ఓడ ఎక్కిన రోజున ప్రమాదం వస్తే ఎటు పరిగెత్తాలో నేర్పడానికి పెద్ద హారన్ మోగించారు. మావారు నాకంటే ముందు లేచి, లైఫ్ జాకెట్ వేసుకుని, "పద పద, సైరనిచ్చేశాడు" అని నన్ను తోశారు. చూశారా, వినపడుతుంది! ఇక మార్సెయ్ లో అయితే మేనేజరు జోకు వేస్తే అందరితోపాటు నవ్వారు. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు కూడా చెప్పారు. చర్చి గోపురం ఎప్పటిదో, ఓడరేవు ఎవరు కట్టారో బస్సులో నాకే తిరిగి చెప్పారు. పరాయి ఆడమనిషి సన్నటి గొంతుతో చెప్తే పొల్లుపోకుండా వినపడుతున్న చెవులకి నా గొంతే ఎక్కడం లేదన్నమాట. తరవాతి ఊరు జెనోవాలోనూ అంతే. రాత్రి భోజనంలో నేను అమ్మాయి పెట్టిచ్చిన ఆవకాయ సీసా తీసి, ఆయనకి వెయ్యకుండా మూతపెట్టేశాను. ఆయన అదీ గమనించలేదు, గమనించినా ఊఁ అనేవారేమో.

రోమ్ లో ఒకచోట పెద్ద రాతి మెట్లున్నాయి. ఎండ మండిపోతోంది. "ఈ మెట్ల మీద కూర్చోకూడదండీ, పోలీసులు ఒప్పుకోరు" అని మేనేజరు మైకులో చెప్పింది. మావారు తల ఊపి, "ఊఁ" అని, నేరుగా వెళ్ళి ఆ మెట్ల మీదే కూర్చున్నారు.

పోలీసు ఈల వేశాడు. మెట్ల మీదున్న వాళ్ళంతా గబగబా లేచారు. ఆయన లేవలేదు. రెండోసారి, చెవులు చిల్లులు పడేలా వేశాడు. మావారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న బిల్డింగు చూస్తున్నారు. పోలీసు వచ్చి భుజం తట్టేసరికి ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలియక నలుగురి మొహాలూ చూసి, మళ్ళీ "ఊఁ, ఊఁ" అని తల ఊపారు. మేనేజరు పరిగెత్తుకెళ్ళి ఆయన మెడలోని డబ్బా తీసి చూసింది. "బ్యాటరీ అయిపోయింది సార్!"

నేను అక్కడే నిలబడిపోయాను. లారీ హారన్ కి ముందు లేచే మనిషికి ఈల వినపడలేదు. ఈల వినపడని మనిషికి కుక్కరు విజిల్ ఎలా వినపడుతుంది? విజిల్ వినపడని మనిషికి వంటింట్లోంచి నేను అన్న మాట? లావు చప్పుళ్ళన్నీ మిగిలి, సన్నటివన్నీ మిల్లులో కొట్టుకుపోయాయి. నా గొంతూ వాటితోనే పోయింది. ఆ ఊఁ నాకు బాగా తెలుసు. అది విన్నవాడి ఊఁ కాదు. వినపడలేదని నలుగురిలో బయటపడకుండా పరువు కాపాడుకునేవాడి ఊఁ. బ్యాటరీ మార్చాక ఆయన మొహం మళ్ళీ వెలిగింది.

మర్నాడు ఓడ రోజంతా సముద్రం మీదే ఉంది. డెక్ మీద కుర్చీలో కూర్చున్న ఆయన వెనక నిలబడి, "ఏవండీ, మీ చొక్కా మీద ఊరగాయ పడింది" అన్నాను. కదల్లేదు. "ఏవండీ, నేను అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను" అన్నాను. దానికీ కదల్లేదు. ముందుకి వెళ్ళి ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగాను.

"మీకు సరిగ్గా వినపడటం లేదు కదూ?"

ఎదురుగా ఉన్నాను కాబట్టి పెదాలు చూసి పట్టుకున్నారు. ఇంతెత్తున లేచారు. "నా చెవులకేం? దివ్యంగా ఉన్నాయి. నువ్వే నోట్లో నోట్లో మాట్లాడతావు."

నోట్లో నోట్లో మాట్లాడటం! పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అనని మాట. ఇంకో రోజైతే పెద్ద యుద్ధమే అయ్యేది. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఆయనకి కనపడకుండా రెయిలింగు దగ్గరికి వెళ్ళాను. ఇంటికి వెళ్ళాక డాక్టరు దగ్గరికి రమ్మంటే ఈ మనిషి రారు, తనకి చెవుడని చచ్చినా ఒప్పుకోరు. రేపు బార్సిలోనాలో ఆ డబ్బాలు తిరిగిచ్చేస్తారు. ఆ తరవాత నేను ఏం చెప్పినా ఊఁ అనే మనిషితోనే మిగిలిన బతుకంతా. పోనీ నేను వెళ్ళిపోతే? ఆయన్ని ఆ నిశ్శబ్దంలో ఒక్కణ్ణీ వదిలేసి, నేనెందుకు వెళ్ళానో కూడా వినపడని మనిషిని చేసి పోవడమే కదా.

బార్సిలోనాలో ఊరంతా తిప్పాక ఒక పెద్ద కూడలిలో గంటసేపు ఎవరిష్టం వాళ్ళదన్నారు. అందరూ డబ్బాలు తీసి మేనేజరు సంచిలో పడేసి దుకాణాల మీద పడ్డారు. మావారు మాత్రం ఫౌంటెనుకి అవతల బెంచీ మీద, చెవిలో బుడిపె అలాగే ఉంచుకుని కూర్చున్నారు. అందులో ఏమీ రావడం లేదని తెలిసీ తియ్యలేదు. అది చూశాక నేను ఇంక ఆగలేకపోయాను. మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఒక్క పది నిమిషాలు ఆ మైకు ఇస్తావా అమ్మా?" అని అడిగాను. ఆమె నా మొహం చూసి, ఎందుకని అడక్కుండా ఇచ్చింది.

ఫౌంటెనుకి ఇవతల నిలబడి, "ఏవండీ" అన్నాను.

ఆయన తటాలున కుడి పక్కకి చూశారు. తరవాత ఎడమ పక్కకి. చెవిలోనే ఉన్న గొంతు కోసం మనిషిని వెతుక్కుంటున్నారు.

"నేనేనండీ. ఫౌంటెన్ దగ్గరున్నాను. వినపడుతోందా?"

నన్ను చూశారు. నా చేతిలో మైకు చూశారు. ఊఁ అనలేదు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగారు. మా పెళ్ళిచూపుల్లో కూడా ఆయన నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"మీకో మాట చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి చెప్పాను. మీరు టిఫిన్ తింటున్నారు, నేను వంటింట్లోంచి చెప్పాను. అమ్మకి బాగాలేదట, పొద్దున్నే వెళ్ళాలి, మీరూ రండి అన్నాను. మీరు ఊఁ అన్నారు. పొద్దున్న చూస్తే మిల్లులోకి వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను."

ఆయన లేచారు. జనం మధ్యలోంచి, ఎవరినీ చూసుకోకుండా, తగిలినవాళ్ళకి క్షమాపణ కూడా చెప్పకుండా నడిచొచ్చేశారు. వచ్చి, మిల్లులో మాట్లాడినంత గట్టిగా అన్నారు:

"నాకు వినపడలేదే!"

పక్కనున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన పట్టించుకోలేదు.

"ఒట్టే, వినపడలేదే. మీ అమ్మ కదే! వినపడితే రానా? నువ్వు నామీద కోపంతో వెళ్ళిపోయావనుకున్నాను. ఎందుకు కోపమొచ్చిందో తెలీక... చాన్నాళ్ళ నించీ వినపడటం లేదే. నీ గొంతైతే అసలు వినపడదు."

తొమ్మిదేళ్ళు ఆయన్ని అబద్ధాలకోరని మనసులో తిట్టుకున్నాను. రెండోసారి చెప్పి ఉంటే ఆ రోజే అయిపోయేది. "నాదే తప్పండీ" అన్నాను. ఆయన నా పెదాలకేసి చూసి, లేదన్నట్టు తలూపి, నా చెయ్యి పట్టుకుని ఫౌంటెన్ గట్టు మీద కూర్చోబెట్టారు. తనూ కూర్చున్నారు. అప్పుడు అడిగారు.

"నేను ఊరికే ఊఁ అన్నవి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"చాలా ఉన్నాయి."

మనిషి పక్కనే ఉన్నారు కదా, ఇంక మైకెందుకని స్విచ్ కోసం వెతుకుతున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. చెవిలో బుడిపె సరిగ్గా నొక్కుకున్నారు. చూపుడువేలు పైకెత్తి, నా మొహం ముందు గాలిలో గుండ్రంగా తిప్పారు.

ఈసారి అది నాకే. మైకు నోటి దగ్గర పెట్టుకుని, రాజమండ్రిలో నేను ఒక్కదాన్నే బస్సు మారిన దగ్గర్నించి మొదలుపెట్టాను.