జాజు రంగు మట్టి

సముద్రం లేని చోట పడవల షెడ్డేమిటని మొదట్లో నాకు నవ్వొచ్చింది. ఎంకపల్లి చివర మేము కిరాయికి దిగిన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. మొయినాబాద్ చుట్టూ ఉన్న రిసార్టుల చెరువుల్లో తిరిగే పడవలు ఒకప్పుడు మరమ్మతుకు అక్కడికే వచ్చేవట. మేము వచ్చేసరికి షెడ్డు మూతపడింది. మెడ విరిగిన హంస పడవ ఒకటి మాత్రం బోర్లా పడి ఉండేది. మా పాప దాన్ని "బాతు" అనేది.

పాపకు ఏడాదిన్నర. పాలిపోయింది, అన్నం ముట్టడం లేదు. చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ, ఇంటి చుట్టూ ఏముందని అడిగింది. షెడ్డు సంగతి చెప్పాను. రక్తంలో సీసం ఎంతుందో చూడమని పరీక్ష రాసింది.

ఫలితం వచ్చాక, "ఎక్కువగానే ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో ముందు కనిపెట్టండి. మూడు నెలలకు మళ్లీ చూద్దాం. అప్పటికీ దిగకపోతే..." అని ఆగిపోయింది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివాను, సీసం పసిపిల్లల మెదడును ఏం చేస్తుందో తెలుసు. మిగిలిన వాక్యం నేనే పూర్తి చేసుకోగలిగాను.

పాప ఆడుకునే వాకిట్లో మట్టి తీసి నగరంలోని ల్యాబ్‌కు పంపాను. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఒక పూట హాయిగా ఉన్నాను. ఆ తర్వాత అసలు ప్రశ్న పట్టుకుంది: మరి ఆ సీసం ఎక్కడిది?

షెడ్డులో పని చేసిన పెద్దాయనది ముడిమ్యాల ఊరు. కబురు పెడితే వచ్చి, నేను చెప్పిందంతా వింటూ ఆ బోర్లా పడిన హంస మీద కూర్చున్నాడు.

"ఏడి మన్ను పంపినవ్ బిడ్డా?"

"వాకిట్లదే తాతా."

పకపకా నవ్వాడు. "అది మా మన్నే గాదు. ఇల్లు కట్టేటప్పుడు లారీలకు లారీలు గుట్టల మొరం మన్ను పోసి లేపిండ్రు. నువ్వు ఎవల గుట్టనో పరీక్ష చేయించినవ్!"

సిగ్గేసింది. ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. "ఇనుప పడవ వస్తే ఈడ బోర్లేసి పాత రంగు గీకుతుంటిమి. తుప్పు పట్టకుంట అడుగున ఎర్ర రంగు కొట్టేది. అండ్ల సీసముంటదని మాకెవరు చెప్పిండ్రు? గీకిన పొడంత ఈడ్నే పడ్డది."

అక్కడి మట్టి పిండిలా మెత్తగా, ఎర్రగా ఉంది. మధ్యలో చిన్న గుంత, గుంత అంచున పార గుర్తులు.

"ఎవలో తవ్వుకపోతున్నరు గదనే," అన్నాడాయన.

ఆ రంగును నేను రోజూ చూస్తున్నానని అప్పుడే తట్టింది. మా అత్తమ్మ శుక్రవారం శుక్రవారం తులసి గద్దెకూ, గడపకూ జాజు పూస్తుంది. ఆ ఎర్రమట్టి పొట్లం చేవెళ్ల అంగట్లో కొనేది. ఈమధ్య పొట్లం ఇంట్లో కనబడలేదు.

"అత్తమ్మా, జాజు ఎక్కడ కొంటున్నరు?"

"కొనుడెందుకే? ఎనుక మస్తు మన్నున్నది, జల్లెడ పట్టినట్టు. నీళ్లు కలిపితే అంగడి జాజు గూడ గంత నిగ్గు రాదు."

పాప అప్పుడు గద్దె పట్టుకునే నిలబడి ఉంది. ఇంకో చేతి వేళ్లు నోట్లో ఉన్నాయి. అది నడక నేర్చిందే ఆ గద్దె చుట్టూ తిరిగి. ఎత్తుకుని పంపు దగ్గరికి పరుగెత్తాను.

సంగతి చెబితే అత్తమ్మ నమ్మలేదు. "కాలేజీ సదువు సదివి తులసమ్మ గద్దెకే వంక పెడ్తున్నవా? మన్నుల ఇసముంటదా యాడనన్న?"

ల్యాబ్‌కు ఫోన్ చేస్తే, సీసం ఎంతుందో అక్కడికక్కడే అంకెలో చూపే తుపాకీలాంటి యంత్రంతో ఒక అమ్మాయి వచ్చింది. వాకిట్లో ఆనిస్తే అంకె కదల్లేదు. గడపకు ఆనిస్తే ఎగిరింది. గద్దెకు ఆనిస్తే ఇంకా ఎగిరింది. అత్తమ్మ చూసి చూసి తన అరచేయి చాచింది. "నా చేతికి గూడ పెట్టు బిడ్డా."

"మనుషులకు పెట్టొద్దు అవ్వా. సబ్బుతో కడుక్కుంటే చాలు."

ఆ రోజు నుంచి అత్తమ్మ పాపకు చేత్తో అన్నం పెట్టడం మానేసింది. అలవాటు లేని చెంచాతో, సగం కింద పోస్తూ తినిపించేది.

మట్టి తీయించే పని అయ్యేదాకా పాపను తీసుకుని మా ఆయన శంకర్‌పల్లిలో మా అమ్మ వాళ్లింటికి వెళ్లాడు. ఇక్కడ పనివాళ్లు మూతికి మాస్కులు కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, షెడ్డు వెనక మట్టి తవ్వారు. యంత్రం అంకె పడిపోయేదాకా తవ్వాలి. ఒకచోట మోకాలి లోతు పోయింది. గద్దెను గీకుదామన్నారు. నేను ఒప్పుకోలేదు, పడవలను గీకితేనే కదా ఆ పొడి మట్టిలో కలిసింది. గద్దెను తడిపి, పగలగొట్టి, ఆ పెళ్లలనూ, ఊడదీసిన గడప చెక్కనూ సంచుల్లో కట్టారు. ఇలాంటి చెత్త తీసుకునే చోటికి లారీ వెళ్లిపోయింది. తులసి మొక్కను అత్తమ్మే వేళ్లు తెగకుండా కుండలోకి మార్చింది.

డాక్టరమ్మ చెప్పిన మూడు నెలలు నిండాక, పాపకు మళ్లీ పరీక్ష చేయించి దవాఖాన నుంచి వచ్చేసరికి అత్తమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"దిగింది అత్తమ్మా. ఇంకా దిగాలె అన్నది."

ఆమె లోపలికి వెళ్లింది. సబ్బుతో చేతులు కడుక్కునే చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత పప్పన్నం కలిపి, చేత్తోనే ముద్ద చేసి పాప నోట్లో పెట్టింది. పాప తినేసి ఇంకోదానికి నోరు తెరిచింది.

పాప తినడం అయ్యాక అత్తమ్మ బీరువా మీది నుంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టింది. అంగట్లో కొత్తగా కొన్న జాజు. దారం కూడా విప్పలేదు.

"ఆ ల్యాబు పిల్లను జర మళ్ల రమ్మను. దీన్ని గూడ తుపాకితోని చూసినంకనే కలుపుత."