మాట్లాడని పాళెగాడు, మా కుప్పం చిన్నాయన

మా చిన్నప్పుడు గురువారం మధ్యాహ్నమైతే ఇంట్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు... మదనపల్లె బస్సులో వారపత్రిక పుంగనూరు అంగడికి వచ్చేది ఆ రోజే. పరుగెత్తి తెచ్చేది నేను. తెచ్చినా తెరవకూడదు. అవ్వ దాన్ని తీసుకుని దేవుడి గూట్లో పెట్టేసేది. అందరూ వచ్చి కూర్చున్నాకే అది కిందికి దిగేది.

విత్తనం చెనక్కాయలు ఒలిచే రోజులవి. మిషన్‌కు వేస్తే పప్పు పగిలిపోతుందని చేత్తోనే ఒలిచేవాళ్లు. వసారాలో కాయల కుప్ప, చుట్టూ ఆడవాళ్లు... పిల్లల్లో పెద్దదాన్ని, తడబడకుండా చదివేదాన్ని కాబట్టి నాకు ఒలుపు లేదు. చదవడమే నా పని.

ఆ పత్రికలో వారం వారం వచ్చే సీరియల్‌లో ఒక పాళెగాడు. నవ్వడు. దవడ మీద కత్తిగాటు. ఓడిపోయిన పగవాడి కూతురు అతని కోటలో చిక్కుకుంది. ఆమెతో ఒక్క మాట మాట్లాడడు... ఆమెకు జ్వరమొస్తే మాత్రం తెల్లవార్లూ తలుపు బయట నిలబడి ఉంటాడు.

"ఏం మొగోడమ్మా వీడు! నోట్లో ఏమన్నా చెనక్కాయలు పోసుకోనుండాడా?" అనేది ఎదురింటి గంగులమ్మత్త. అంతలోనే గొంతు తగ్గించి, "ఆ తలుపుకాడ నిలబడింది ఇంకోసారి సదువు పాపా" అనేది.

ఆ ఏడాదే సరోజ చిన్నమ్మ కుప్పం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మకు చెల్లెలు. ఆమె భర్త, మా చిన్నాయన, కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడడు, అంతే. పట్టుపురుగులు సాకే ఇల్లు వాళ్లది. ఆకు కోసుకొస్తాడు, వేస్తాడు, పడుకుంటాడు.

"పురుగులు ఆకు నమిలే సద్దు తప్ప ఆ ఇంట్లో ఇంకో సద్దు లేదు. నోరు తెరిసి రమ్మంటేనే పోతా" అని కూర్చుంది.

విత్తనాలు పడ్డాక పెద్దమనుషులను పిలిచి తెగతెంపులు చేసేస్తానన్నాడు తాత. ఆ మాట విన్నప్పటినుంచి అవ్వకు అన్నం దిగేది కాదు. కుప్ప తరిగేకొద్దీ మా అందరికీ ఒకటే గుబులు.

గంగులమ్మత్త ఊరుకుంటుందా... "మన పాళెగాడు గూడా మాట్లాడడు గదే సరోజా! వానికోసమేమో ఉసూరుమంటావు, ఇంట్లో ఉండేవాన్ని ఇడిసిపెట్టి వస్తివి."

చిన్నమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

"వాని మనసులో ఏముండాదో రాసినాయన చెప్తాడు కదక్కా. ఈయప్ప మనసులో ఏముండాదో నాకెవరు చెప్తారు?"

అలాంటి కథలు మనల్ని ఎందుకంతగా లాగుతాయో నాకు ఆ రోజే తెలిసింది. రాయిలాంటి మనిషి లోపల ఏం కాలుతోందో మనకు ముందే తెలుస్తుంది... కథలోని ఆ పిల్లకు ఎప్పుడు తెలుస్తుందా అని వారమంతా మనమూ కాలుతుంటాం.

తర్వాతి గురువారం కుప్పం నుంచి చిన్నాయన వచ్చాడు. వసారా చివర కూర్చున్నాడు. ఏమీ అనలేదు. అవ్వ ఆయన ముందు ఇన్ని కాయలు పోసింది. అల్లుడికి పని చెప్పడమేమిటని అమ్మ నొచ్చుకుంది. ఆయన తల వంచుకుని ఒలుస్తూనే ఉన్నాడు. నేను చదివాను. బస్సుకు లేస్తూ నన్ను మాత్రం అడిగాడు...

"మళ్లా ఎప్పుడొస్తాది పాపా?"

మళ్లీ వారం వచ్చాడు. ఆ పైవారం బుధవారమే దిగాడు. పత్రిక కుప్పానికి రైల్లో ఒకరోజు ముందే వస్తుందట, చేత్తో పట్టుకొచ్చాడు! అవ్వ గూట్లో పెడుతూ, "అల్లుడు నా కూతురికోసం వస్తాండాడో, పాళెగాని కోసం వస్తాండాడో" అని నవ్వింది. చిన్నమ్మ నవ్వలేదు.

కాయలు అడుగంటుతున్న వారం... వాకిట్లో చిన్నాయన. చేతిలో పత్రిక నలిగిపోయి ఉంది. అవ్వ చెయ్యి చాచినా ఇవ్వలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

"పోతాది" అన్నాడు.

"ఎవరు నాయనా?" అంది అవ్వ.

"ఆయమ్మి. కోట ఇడిసిపెట్టి పోతాది. వీడు బురుజు మీద నిలబడుకోని సూస్తాండాడు. ఒక్క మాట పిలిస్తే ఆగుతాది... పిలవలేదు."

గంగులమ్మత్త నెత్తి కొట్టుకుంది. "బస్సులోనే సదివేసి కథంతా చెప్పేస్తివే! నీ నోరు ఇప్పుడే తెరుసుకోవాల్నా అల్లుడా?"

ఆయనకు అది వినబడినట్టే లేదు. చిన్నమ్మనే చూస్తున్నాడు.

"నాకు మాటలు రావు సరోజా... నేను పిలస్తాండా. ఇంటికి రా."

చిన్నమ్మ ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచింది.

"కూసో" అంది. "పాపను సదవనీ. విని పోదాం."

ఏం జరుగుతుందో అందరికీ తెలిసిపోయిన కథ. అయినా ఆ రోజు విన్నట్టు వాళ్లు ఎన్నడూ వినలేదు... సాయంత్రం బస్సుకు ఇద్దరూ వెళ్లారు. పెద్దమనుషులను పిలిచే పని పడలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. దీపం పెట్టి, జపం చేసుకుని వంటింట్లోకి వస్తే, మా కోడలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇలాంటి కథలే వింటూ ఉంటుంది. అవే కోటలు, అదే నవ్వని మొగవాడు. ఒక్కోసారి ఆ పిల్ల చేతిలో గరిటె ఆగిపోతుంది. వాడేం చేశాడో అని నా మనసు కొట్టుకుంటుంది... అడగను. దేవుడి ముందు కుదురుగా కూర్చున్న మనసు, అక్కడ మాత్రం కుదురుగా ఉండదు.

వారమంతా ఆగాల్సిన పని ఇప్పుడు లేదు. కథ మొత్తం ఒక్కరి చెవిలోనే మొదలై, అక్కడే అయిపోతోంది. వాణ్ణి తిట్టడానికి పక్కన ఇంకొకరు ఉండరు...

మీ వసారాలో అందరూ కలిసి తిడుతూ, అయినా వాడికోసమే ఎదురుచూసిన మొగవాడు ఎవరు? పేరు గుర్తు లేకపోయినా ఫరవాలేదు... ఏమని తిట్టేవాళ్లో చెప్పండి చాలు.