అక్క పెండ్లిల అయ్యగారు అడిగిన మాట

బిడ్డా, మొన్న ఫోన్ల నువ్వు మీ చెల్లెతోని "స్పీక్ నౌ ఆర్ ఫరెవర్ హోల్డ్ యువర్ పీస్" అన్నవు గదా, పిజ్జానా బిర్యానీనా తేల్చమని. మీరిద్దరు నవ్విన్రు. నేను ఫోన్ మీ తాతకిచ్చి లోపలికి పోయిన. ఎందుకో చెప్త.

చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు, లేకుంటే ఇగ ఎన్నడూ నోరెత్తకు అని దాని అర్థం. మీరిప్పుడు దేనికైనా వాడుతరు. మాకైతే అది చర్చిల, పెండ్లినాడే ఇనబడేది.

అరవై ఐదుల యుద్ధం నడుస్తున్న రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయికుంటుంటిమి, ఆబిడ్స్‌ల చర్చికి నడిచి పోతుంటిమి. నాకు పదకొండేండ్లు. అక్కకు కాచిగూడల రైల్వే క్లర్కుతోని పెండ్లి కుదిరింది. అక్కకేమో దవాఖానల నర్సు పని నేర్వాలని ఉండె. నాయినను అడిగితే, "గవన్నీ తర్వాత సూద్దాం" అన్నడు.

మా పద్ధతిల పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిల పాస్టరయ్యగారు జంట పేర్లు చదివి, ఎవరికన్న అభ్యంతరముందా అని అడుగుతరు. పెండ్లినాడు ఆఖరుసారి అడుగుతరు.

అక్క నాకు జడేసుకుంట అన్నది. "నన్నడిగేటప్పుడు నాయిన పక్కనే ఉంటడే, ఔ అనక తప్పదు. దానికి ముందే అందర్నడుగుతరు గదా, నువ్వు లేచి చెప్పు. చిన్నదానివి, నిన్నెవరేమంటరు."

"ఏమని చెప్పాలె?"

"అక్కకిష్టం లేదను. గంతే."

మూడు ఆదివారాలు నాకు నోరు లేవలే. పెండ్లినాడు అయ్యగారు తెలుగుల అడిగి, నాయిన ఆఫీసు దొర వచ్చిండని ఇంగ్లీషుల గూడ ఆ మాటే అడిగిండు. అప్పుడు లేచి నిలబడ్డ. అందరు నా దిక్కు తిరిగిన్రు. అక్క ముసుగులకెల్లి చూస్తున్నది.

"ఏంది బిడ్డా?" అన్నడు అయ్యగారు నిమ్మళంగ.

అమ్మ నా లంగ పట్టి గుంజింది. "దూపైతుందంట అయ్యగారూ. పొద్దటి సంది ఏం తాగలే."

అందరు నవ్విన్రు. ఎవరో గ్లాసుల నీళ్ళు తెచ్చిచ్చిన్రు. నేను తాగుతనే ఉన్న, అయ్యగారు తర్వాతి పేజీకి పోయిండు.

ఇష్టం లేకపోవుడు ఆ ప్రశ్నకు లెక్కల రాదని తర్వాత తెలిసింది. ఇదివరకే పెండ్లయ్యిందా, దగ్గరి చుట్టరికమా, గవే చూస్తరంట. నేను చెప్పినా పెండ్లి ఆగకపోయేది. కానీ నేను చెప్పంగ అక్క ఇంటుండె గదా.

బావ మంచోడే. అక్క నన్నెన్నడు ఒక్క మాటనలే. కాచిగూడకు పోతే మాత్రం గడప దాటంగనే గ్లాసుతోని ఎదురొచ్చేది. "దూపైతున్నదా?" అనేది నవ్వుకుంట. ఆమె చనిపోయేదాంక గిట్లనే. ఆనాడు నోరు లేవలే అక్కా అని ఈసారన్న చెప్దామని నేను నోరు తెరుస్తుంటి. గ్లాసు చేతికొచ్చేది. తాగేదాన్ని.