నాలుగో భాగం చూడని నార్బర్ట్

మా జట్టు ఆడే ప్రతి ఆటకూ నార్బర్ట్ పావ్లిక్ స్టేడియానికి వస్తాడు. పెళ్లికి ముందునుంచీ వస్తున్నాడు. ఎండకాసినా, పక్కనున్న సరస్సు మీంచి మంచుగాలి చెంపలు కోసినా సరే, పై వరుసల్లో తన సీటు ఖాళీగా ఉండనివ్వడు. అయితే ఇన్నేళ్లలో ఒక్క ఆట కూడా ఆయన చివరిదాకా చూడలేదు. కొత్తగా విన్నవాళ్లు నమ్మరు. మాకు మాత్రం ఇది మామూలు విషయం.

మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసురుకుంటూ అవతలి చివరి గీత దాటిస్తే పాయింట్లు; ఆట నాలుగు భాగాలు. మూడో భాగం సగంలో ఉండగా నార్బర్ట్ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తాడు. మా అందరి కాళ్లూ తొక్కుకుంటూ, "క్షమించాలి, క్షమించాలి" అంటూ మెట్లు దిగి పార్కింగుకి వెళ్లిపోతాడు. అక్కడ ఆయన వ్యాన్ వెనకాల బొగ్గుల పొయ్యి ఉంటుంది. ఆట అయ్యాక కార్లన్నీ ఒకే రోడ్డెక్కుతాయి, ఎవరూ అంగుళం కదలలేరు. అందుకని మా గుంపంతా అక్కడే ఆగి తినేసి పోతుంది. మేం దిగేసరికి పొయ్యి మీద కీల్బాసా అనే పోలిష్ సాసేజిలు చిటపటలాడుతూ, పులిసిన క్యాబేజీ వేడెక్కి, ఉల్లిపాయలు ఎర్రగా వేగి ఉండాలి. వాటిని తిప్పే పట్టుకారు నార్బర్ట్ చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో మేం చూడలేదు.

స్టేడియం గేటు ఒకసారి దాటి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు. కాబట్టి నాలుగో భాగం ఆయన చెవులతోనే చూస్తాడు. రేడియో కూడా అక్కర్లేదు. గోడ మీదుగా కేక రాగానే ఉల్లిపాయలు తిప్పుతూనే, "ఇది మనవాళ్లు గీత దాటిన కేక కాదు, వాళ్లు బంతి జారవిడిచిన కేక" అని పక్క వ్యాన్ వాళ్లకి చెబుతాడట. ఎప్పుడూ తప్పలేదట. నాకైతే ఈ మాటలో సగం గొప్పలేననిపించేది.

ఆయన బడి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నా పిల్లలిద్దరూ ఆ బస్సే ఎక్కేవాళ్లు. వీధిలో ఎవరింట్లో ఎవరికి జ్వరమో ఆయనకే ముందు తెలిసేది. అలాంటి మనిషి ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం మూడిళ్ల పోస్టు డబ్బాలు గుద్ది, చివరికి బస్సును పిల్లలతో సహా మంచులో కాలవలోకి దించాడట. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని తల్లిదండ్రులంతా చర్చి హాల్లో మీటింగు పెట్టారు. తీసేయాలని సగంమంది, ఇంకో అవకాశం ఇవ్వాలని సగంమంది అరుచుకుంటుంటే, నార్బర్ట్ వెనక వరుసలో టోపీ చేత్తో పట్టుకుని అన్నీ విన్నాడట. చివరికి ఉండనిచ్చారు. ఈ సంగతి ఆయన నోట ఎప్పుడూ రాలేదు. ఆయన భార్య ఐరీన్ చెప్పింది నాకు.

అది తెలిసినదాన్ని కాబట్టే, ఈ ఏడు హోల్‌బ్రుక్ కుర్రాడి విషయంలో నార్బర్ట్ ఎందుకంత మొండికేశాడో నాకు అర్థమయింది.

కేడ్ హోల్‌బ్రుక్ మా క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి విసిరేవాడు. ఆట మొత్తం అతని చెయ్యి మీదే నడుస్తుంది. నెబ్రాస్కా గోధుమ పొలాల నుంచి వచ్చాడు, ఇంకా నూనూగు మీసాలే. నిరుడు నెత్తిన పెట్టుకుని ఊరేగించారు. ఈ ఏడు ఏం పుట్టిందో, విసిరిన బంతి మావాళ్ల కంటే అవతలివాళ్ల చేతుల్లోనే ఎక్కువ పడుతోంది. క్షవరం కొట్టులో అదే మాట, ఆస్పత్రి వరండాలో అదే మాట. ప్రతి శుక్రవారం చర్చి హాల్లో వేపుడు చేపలు తినడానికి చేరతాం కదా, అక్కడ ఇక చెప్పనే అక్కర్లేదు. నేను ఏ పక్షమంటారా? వాడు విసిరిన ప్రతి బంతికీ పక్షం మార్చేదాన్ని. సిగ్గేమీ లేదు నాకు.

ఆ వారం గురువారం కోచ్ కుండబద్దలు కొట్టాడు. ఈ ఆదివారం కూడా ఇలాగే ఆడితే వచ్చేవారం నుంచి హోల్‌బ్రుక్‌ని కూర్చోబెట్టి, రెండోవాణ్ణి దింపుతానన్నాడు. మర్నాడు చేపల దగ్గర మా బల్ల అట్టుడికిపోయింది.

"రెండోవాణ్ణి ఇప్పుడే దింపొచ్చుగా, ఆదివారం దాకా ఎందుకు?" అంది బెర్నడెట్. ఈవిడ ఐరీన్‌కి అక్క, నార్బర్ట్‌కి వదిన. తపాలాఫీసులో పనిచేసిన మనిషి, మాట అక్కడి ముద్రలాగే టక్కున పడుతుంది. "వాడికి చొక్కా రంగులు కనబడుతున్నాయో లేదో ముందు కళ్ల డాక్టరుకి చూపించండి. మన చొక్కా నీలం అని ఎవరన్నా చెప్పారా వాడికి?"

"వాడి ముందు నిలబడి కాపలా కాసేవాళ్లు తలుపు బార్లా తీసిపెడితే, ఇంట్లో దొంగలు పడ్డది వాడి తప్పా బెర్నీ?" అన్నాడు నార్బర్ట్, చేపముల్లు తీసుకుంటూ. "ఊపిరి తీసుకునే టైమివ్వాలి గదా వాడికి."

"ఇచ్చాం. సెప్టెంబరు నుంచీ తీసుకుంటూనే ఉన్నాడు ఊపిరి. బంతి వెయ్యడం ఎప్పుడు మొదలెడతాడట?"

బల్లంతా నవ్వింది. ఇళ్ల కప్పులు వేసే డ్వేన్ మా గుంపులో ఎప్పుడూ మంటకి గాలి విసిరే రకం. "అసలు నార్బ్, నువ్వు వాణ్ణి వెనకేసుకు రావడమేంటి? వాడి ఘనకార్యాలన్నీ చివరి భాగంలోనే. నువ్వప్పుడు ఉల్లిపాయలు కోస్తుంటావు. చూడనివాడివి నీకేం తెలుసు?"

ఈసారి నార్బర్ట్ నవ్వలేదు. ఆ మాట నిజమే గనక తగిలింది.

బెర్నడెట్ అందుకుంది. "అయితే ఓ పని చేద్దాం. ఆదివారం నువ్వు కుర్చీలోంచి కదలకు. చివరిదాకా నీ కళ్లతో చూడు. సగం ఆటకే నా కడుపు మండిపోతుంది ఎలాగూ, నేనే వెళ్లి బొగ్గులు రాజేస్తాను. మీ వాడు ఓడగొట్టాడనుకో, ఆ పట్టుకారు నాది. ఈ ఒక్కరోజుకి కాదు, ఎప్పటికీ."

"గెలిపిస్తే?"

"గెలిపిస్తే వాడి పేరున్న చొక్కా వేసుకుని చర్చికొస్తా. మొదటి వరుసలో కూర్చుంటా."

నార్బర్ట్ చెయ్యి చాచాడు. బెర్నడెట్ చేపనూనె చేత్తోనే ఆ చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంటికెళ్తుంటే కారు దగ్గర ఐరీన్ నా మోచెయ్యి పట్టుకుంది. "బస్సు తాళాలు అప్పగించి ఇంటికొచ్చిన రోజు ఈయన మొహం చూశాను నేను. ఆ పొయ్యి దగ్గర నిలబడితేనే మళ్లీ మనిషయ్యాడు. అదీ పోతే ఏం చేస్తాడే?" అంది.

ఆదివారం సరస్సు మీంచి గాలి రయ్యిన కొడుతోంది. మంచు అడ్డంగా పడుతోంది. మొదటి సగంలో హోల్‌బ్రుక్ రెండు బంతులు అవతలివాళ్లకి చేతికందించినట్టు అందించాడు. జనం ఈసడించడం మొదలుపెట్టారు. విరామం కాగానే బెర్నడెట్ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇక నా వల్ల కాదు. ఇటివ్వు."

నార్బర్ట్ కోటు జేబులోంచి పట్టుకారూ వ్యాన్ తాళమూ తీసిచ్చాడు. "క్యాబేజీలో నీళ్లెక్కువ పొయ్యకు" అన్నాడు, అంతే. ఆవిడ మా కాళ్లు తొక్కుకుంటూ వెళ్లిపోయింది, క్షమాపణ కూడా చెప్పకుండా.

మూడో భాగం ఇంకా ఘోరం. అలవాటైన సమయం వచ్చేసరికి నార్బర్ట్ మోకాళ్ల మీద చేతులు ఆనించి సగం లేచాడు. మళ్లీ గుర్తొచ్చి కూలబడ్డాడు. వెనకవాళ్లు పగలబడి నవ్వారు. జనం మెల్లగా ఇంటిదారి పడుతున్నారు. డ్వేన్ కూడా చేతి తొడుగులు సర్దుకుంటూ, "పాపం, నీకు ఒక్కసారి పూర్తి ఆట చూసే యోగం పట్టి, అది ఇలా ఏడ్చింది" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే జాలిపడి.

"కూర్చో," అన్నాడు నార్బర్ట్. "వాడింకా ఆడుతున్నాడు గదా."

నాలుగో భాగం మొదలయ్యాక ఏం మారిందో నాకిప్పటికీ తెలీదు. కాపలా వరుస ఒక్కసారిగా గట్టిపడింది. హోల్‌బ్రుక్ ఒకటి విసిరాడు, మావాడు పట్టాడు. ఇంకోటి విసిరాడు, పట్టాడు. అలా కొంచెం కొంచెంగా జరుగుతూ గీత దాటేశారు. స్టేడియం అరిచింది. బయటికి పోతున్నవాళ్లు మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగారు. మరి కాసేపటికి రెండోసారి గీత దాటారు. అప్పుడు నేను డ్వేన్ టోపీ లాగి గాల్లోకి విసిరేశానట, నాకు గుర్తులేదు. ఇక ఒక్కసారి దాటితే గెలుపు. ఒకే ఒక్క విసురుకి టైముంది.

నార్బర్ట్ మాత్రం అరవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

బంతి హోల్‌బ్రుక్ చేతిలోకి వచ్చింది. అవతలివాళ్లు అన్నివైపుల నుంచీ వచ్చి పడుతున్నారు. వెనక్కి వెనక్కి పరిగెత్తి, కింద పడబోతూ పడబోతూ విసిరాడు. బంతి మంచులోకి పైకి పోయింది. ఎంత పైకి పోయిందంటే, దిగేలోపు ఒక జపమాల పూర్తి చేసేదాన్ని. అది గీత అవతల ఎక్కడో మూలన దిగింది. మావాళ్లలో ఒక పొడుగాటి ఆటగాడు ముగ్గురి మధ్యలోంచి ఎగిరి అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో లెక్కలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని ముసలాయన నా బుగ్గ మీద ముద్దుపెట్టాడు. ఐరీన్ కుర్చీ ఎక్కి ఏడుస్తోంది. నేను నార్బర్ట్‌ని కుదిపి, "గెలిచావయ్యా, నీ పట్టుకారు నీదే" అని చెవిలో అరిచాను. ఆయన తల ఊపాడు గాని మైదానం మీంచి చూపు తిప్పలేదు.

మేం కిందికి దిగేసరికి గేటు ఊచలు పట్టుకుని బెర్నడెట్ నిలబడి ఉంది, చేతిలో పట్టుకారు. మొదటి కేక వినగానే జనం కుర్రాణ్ణి వెక్కిరిస్తున్నారనుకుందట. ఉల్లిపాయలు తిప్పుతూ, "ఇంకా తిట్టండి బుద్ధిలేని వెధవని" అందట. రెండో కేక రాగానే అనుమానమొచ్చి, పొయ్యి అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. లోపలికి రానివ్వరు గదా. గేటు కాపలా అతనితో యుద్ధం చేసింది.

"ఏమయింది? ఈయన్నడిగితే తెలీదంటాడు. లోపలేం జరిగినా వీపు అటే పెట్టి నిలబడే ఉద్యోగమట ఈయనది. ఎవరన్నా చెప్పి చావండి."

"గెలిచాం," అన్నాడు డ్వేన్. ఆవిడ గేటు ఊచకి నుదురు ఆనించి, "నేను లేనప్పుడే చెయ్యాలా వాడు" అంది. చచ్చేంత కోపంగా అందామనుకుంది గాని నవ్వొచ్చేసింది.

వ్యాన్ దగ్గరికి వెళ్లేసరికి పొయ్యి మీద ఏవి సాసేజిలో ఏవి బొగ్గులో తెలియకుండా ఉన్నాయి. క్యాబేజీ అడుగంటింది. బెర్నడెట్ పట్టుకారు నార్బర్ట్ చేతిలో పెట్టేసింది. "ఇంద. చొక్కా వేసుకుంటాలే ఆదివారం. పైన కోటు వేసుకోకూడదని పందెంలో లేదు." నార్బర్ట్ మాడిన వాటిని ఒక్కొక్కటీ గీకుతూ, తినదగ్గవి ఓ పక్కకి పెట్టడం మొదలుపెట్టాడు. మేమంతా ఒకేసారి ఆవిడకి ఆట చెప్పేస్తున్నాం, చేతులూపుతూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ.

"మీరంతా కాసేపు నోళ్లు ముయ్యండి," అంది బెర్నడెట్. "నార్బ్ చెప్పాలి. ఆ చివరిది ఎలా పట్టుకున్నాడు?"

"నేను చూళ్లేదు."

"పక్కనే కూర్చున్నావు గదయ్యా మహానుభావా," అన్నాడు డ్వేన్.

"బంతి వైపు చూళ్లేదు. పిల్లాణ్ణి చూస్తున్నాను." నార్బర్ట్ పట్టుకారు పక్కన పెట్టాడు. "బంతి చెయ్యి వదిలీ వదలగానే ఇద్దరు మీదపడి తొక్కేశారు వాణ్ణి. మీరంతా అటు చూస్తున్నారు. వాడు వాళ్ల కింద ఉన్నాడు, మొహం గడ్డిలో ఉంది. ఏమీ కనబడదు వాడికి. కదల్లేదు కూడా. తలొక్కటి ఇంత పైకెత్తి, వింటున్నాడు బెర్నీ. అది ఏ కేకో తెలుసుకోడానికి. మనవాళ్లు అరిచాకనే తెలిసింది వాడికి. అప్పుడు వాళ్లిద్దరి కిందనుంచి చెయ్యి ఒకటి పైకొచ్చింది."

బెర్నడెట్ కాగితపు ప్లేటు పట్టుకుని పొయ్యి దగ్గరికి జరిగింది.

"గట్టిగానే అరిచారా మీరు?" అని అడిగింది.

"గట్టిగానే."

"నేనూ అరిచాను. రెండోసారి అనుమానమొచ్చింది గదా, మూడోదానికి ఇక ఆగలేకపోయాను. ఏమయిందో తెలియకపోయినా గేటు దగ్గర్నించే అరిచాను, కాపలా ఆయన చెవులు మూసుకున్నాడు. వాడికి వినబడి ఉంటుందంటావా?"

"వినబడే ఉంటుంది" అన్నాడు నార్బర్ట్, ఉన్నవాటిలో తక్కువ మాడినదాన్ని ఏరి ఆవిడ ప్లేట్లో వేస్తూ.