నాకు పట్టింది దయ్యం కాదు, పిచ్చీ కాదు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒక ఏడాది మిరపకోతలు మొదలైనప్పుడు మా ఊళ్ళో నన్ను మేస్త్రి సువార్తమ్మ అని పిలిచేవాళ్ళు, కోతలు అయ్యేసరికి పిచ్చి సువార్తమ్మ అన్నారు, ఇప్పుడు మళ్ళీ మేస్త్రి సువార్తమ్మ అనే అంటున్నారు. ఈ మధ్యలో జరిగిందంతా నా దేవుడు చేసిన పనే గనుక దాన్ని గొప్పగానే చెప్పుకుంటాను, గొంతెత్తే చెప్పుకుంటాను, ఈమెకు పొగరు అని ఎవరైనా అనుకుంటే అనుకోండి! నా పొగరంతా నా ప్రభువును చూసుకొనే.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె. మా ఆయన దావీదు ట్రాక్టరు తోలుతాడు. నేను మిరపకోతకు ఆడవాళ్ళ ముఠాను కట్టుకొని చేలకు తీసుకెళ్ళే మేస్త్రిని. నేను సాలు పట్టానంటే నా పక్క సాల్లో వాళ్ళు అందుకోవడానికి ఆయాసపడాల్సిందే, ఒడి నిండింది ఎప్పుడో, గోనె మీద కుమ్మరించింది ఎప్పుడో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. ఆదివారం వస్తే మందిరంలో పాట ఎత్తేది కూడా నేనే. మైకు లేకపోయినా చెరువు కట్ట దాకా వినపడుతుందని మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నవ్వుతూ అనేవారు. ఇలాంటి దాన్ని దేవుడు ఎక్కడ కూర్చోబెట్టాడో వినండి.

నా కష్టం కళ్ళతో మొదలైంది. పొద్దున చేలోకి దిగినప్పుడు బాగానే ఉండేదాన్ని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి రెప్పలు వాటంతటవే వాలిపోయేవి, ఒక్క మిరపకాయ రెండుగా కనపడేది. తర్వాత చేతులు. మధ్యాహ్నం దాటితే గోనె మీదికి ఒడి ఎత్తలేను, నెత్తిన తట్ట పెట్టుకోలేను, ఇంటికొచ్చి జుట్టు ముడి వేసుకుందామన్నా చేతులు తల దాకా పోవు. అన్నం నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు అలిసిపోయేవి. ఇంతా చేసి, కాసేపు పడుకొని లేస్తే మళ్ళీ మామూలు మనిషిని! అదే, సహోదరులారా, నా కొంప ముంచింది. నిజంగా జబ్బు చేసిన మనిషి రోజంతా జబ్బుగానే ఉండాలి కదా అని అందరూ అనుకున్నారు. "పొద్దున పులి, మాపటికి పిల్లి. పని ఎగ్గొట్టే నాటకాలు కాకపోతే ఏందిది?" అని మా అత్తగారు వీధిలో నిలబడి అందరికీ చెప్పింది. పద్నాలుగేళ్ళప్పటి నుంచి కాయ కోస్తున్న నాకు పని దొంగ అని పేరు పెట్టడం కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

దావీదు నన్ను టౌనులో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. పొద్దున్నే వెళ్ళాం గనుక ఆయన ముందు నేను నిక్షేపంగా ఉన్నాను. రక్తం తీశారు, తలకాయ స్కానింగ్ చేశారు, అన్నీ నార్మల్ అన్నారు. ఆయన నన్ను బయట కూర్చోమని మా ఆయనతో, "ఒంట్లో ఏ జబ్బూ లేదయ్యా, మనసులో ఏదో పెట్టుకుంది, ఇంట్లో గొడవలు ఉన్నాయా? ఈ బిళ్ళలతో తగ్గకపోతే గుంటూరులో మెంటల్ డాక్టరుకు చూపించు" అని చెప్పి నిద్రబిళ్ళలు రాశాడు. తలుపు సందులోంచి ఆ మాట నా చెవిన పడింది. ఆ బిళ్ళలు మింగిన దగ్గర్నుంచి నా పని ఇంకా దిగజారింది, మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి.

ఇక అసలు సంగతి ఆ వేసవిలో ఒక ఆదివారం జరిగింది. ఆరాధన బాగా పొద్దుపోయిందాకా సాగింది, రేకుల కింద ఉక్కపోత, నేను పాట ఎత్తాను, మొదటి చరణం గంట కొట్టినట్టు వచ్చింది, రెండో చరణంలో గొంతు జారింది, మూడో చరణానికి నా మాటలన్నీ ముక్కులోంచి రావడం మొదలుపెట్టాయి! మన పల్లెల్లో ముక్కుతో మాట్లాడేది ఎవరో మీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు మన అవ్వలు చెప్పిన కథల్లో దయ్యాలన్నీ ముక్కుతోనే కదా మాట్లాడేది! పాడుతున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఆగిపోయారు, ముందు వరుసలో ఒక తల్లి తన బిడ్డను వెనక్కి లాక్కుంది, నేను వాలిన రెప్పలతో, ఆ గొంతుతో, ఒక్కదాన్నే పాడుతూ నిలబడ్డాను. ఆ రోజు నుంచి నాకు దయ్యం పట్టిందని ఊరంతా ఖాయం చేసేసింది.

అయ్యగారు మంచి మనిషి, కన్నీళ్ళతో ప్రార్థించే మనిషి, ఆయన మీద నాకు కోపం లేదు. నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. తలకు నూనె రాశారు, చుట్టూ నిలబడి దయ్యాన్ని గద్దించారు, నేను సొమ్మసిల్లి చాప మీద పడి నిద్రపోయాను. లేచి చూస్తే రెప్పలు లేచాయి, గొంతు శుభ్రంగా ఉంది, "ప్రభువుకు స్తోత్రం" అన్నాను, మాట గణగణమని వచ్చింది, ఇక చూడండి మందిరం! చప్పట్లు, కన్నీళ్ళు, హల్లెలూయలు, నేనూ ఎగిరి గంతేశాను! పడుకొని లేస్తే బాగుంటానన్న సంగతి నాకు తెలిసి కూడా ఆ సంతోషంలో గుర్తు రాలేదు. ఇంటికొచ్చి వంట చేసి, వచ్చినవాళ్ళందరితో మాట్లాడి, అన్నం వడ్డించే వేళకు మళ్ళీ ముక్కుతోనే మాట్లాడాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని మా అత్తగారు గరిట అక్కడే పడేసింది.

అప్పుడు సంఘంలోని పెద్ద ఆడవాళ్ళు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. దయ్యం వెళ్ళినట్టే వెళ్ళి తిరిగి వస్తోందంటే లోపల ఏదో దాచిపెట్టిన పాపం ఉందని, ఒప్పుకుంటే వదులుతుందని ఒకటే పోరు. నేను దవడ కింద చెయ్యి పెట్టుకొని ఒక్కటే చెప్పాను, "చెయ్యని పాపం ఒప్పుకుంటే అదే కొత్త పాపం అవుద్ది, పోండి." ఇంతకు ముందు నా నోటికి ఊరు భయపడేది, ఆ రోజు నా నోరు సగమే పనిచేసినా ఆ సగంతోనే చెప్పానని ఇప్పటికీ గర్వంగానే ఉంది.

దాంతో మా అత్తగారు వినుకొండ అవతల ఎక్కడో ఉన్న ఒక ప్రార్థన ఆశ్రమం సంగతి తెచ్చింది. పిచ్చి పట్టినవాళ్ళను, దయ్యం పట్టినవాళ్ళను అక్కడ వదిలేసి రావచ్చట, పారిపోకుండా కాళ్ళకు గొలుసు వేస్తారట, వదిలిందాకా ఇంటికి పంపరట. దావీదు వద్దు అనలేదు, సరే అనీ అనలేదు, తల దించుకొని ట్రాక్టరు తుడుస్తూ కూర్చున్నాడు. సహోదరులారా, నాకు ముద్ద దిగడం లేదు, నీళ్ళు దిగడం లేదు, అక్కడ గొలుసుకు కట్టి పడేస్తే నేను బతికి రానని నా ప్రాణానికి తెలుసు, కానీ చెబితే వినేదెవరు? పిచ్చిది అని పేరు పడ్డాక నువ్వు ఏం చెప్పినా అదీ పిచ్చి కిందే లెక్క.

ఆ సాయంత్రం నేను కల్లంలోకి వెళ్ళాను. కాయలు ఎండబోసి ఉన్నాయి, ఎవరూ లేరు. పట్టా మీద మోకాళ్ళూని దేవుడితో పోట్లాడాను, అది ప్రార్థన అనండి, పోట్లాట అనండి. "ప్రభువా, నువ్వే నన్ను చేశావు, నా తల సంగతి నీకు తెలుసు, నా ఒంటి సంగతి నీకు తెలుసు. నాకు పిచ్చి ఉంటే పిచ్చి అనే చెప్పు, మందు మింగుతాను. దయ్యం ఉంటే ఇప్పుడే తరిమెయ్. రెండూ కాకపోతే, కాదని ఒక్క మనిషి నోట చెప్పించు తండ్రీ, ఒక్క మనిషి చాలు!" అన్నాను. ఇంతా అన్నాక ఆమేన్ అందామంటే దవడ జారిపోయింది, పెదాలు కలవలేదు, చేత్తో గడ్డాన్ని పైకి నెట్టి పట్టుకొని, నెట్టి పట్టుకొని, ఆ ఒక్క మాట అన్నాను.

దావీదు నన్ను వెతుక్కుంటూ వచ్చి బస్తాల వెనక నిలబడి ఇదంతా చూశాడని నాకు తెలియదు. ఒక్కసారి ముందుకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "ఒసేయ్ సువార్తా, నాటకమయితే చూసేవాళ్ళ ముందర ఆడతారుగాని, ఎవరూ లేని కల్లంలో గడ్డం పట్టుకొని ఎవరాడతారే! ఆశ్రమం లేదు, గీశ్రమం లేదు, రేపు గుంటూరు పోదాం పద" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చూశారా నా దేవుణ్ణి! నేను ఎవరో ఒక్క మనిషిని అడిగితే ఆయన ముందుగా నా ఇంటి మనిషినే కదిలించాడు!

గుంటూరులో మాకు తెలిసిన దారి ఒక్కటే, టౌను డాక్టరు చెప్పిన మెంటల్ డాక్టరు. ఆటో దిగాక దావీదు నా కొంగు ముఖం మీదికి లాగబోయాడు, మిర్చియార్డుకు మన ఊరివాళ్ళు వస్తుంటారు, చూస్తే బాగుండదని. "నేనేమన్నా దొంగతనానికి పోతున్నానా?" అని కొంగు నడుములో దోపి మెట్లెక్కాను.

ఆ డాక్టరమ్మ తెల్లజుట్టు పెద్దావిడ. నన్ను కూర్చోబెట్టి, మా ఆయన్ని కాదు, నన్నే అడిగింది. ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, ఎండలో ఎలా ఉంటుంది, పడుకొని లేస్తే ఎలా ఉంటుంది అని. అన్నాళ్ళుగా నన్ను ఎవరూ అడగని ప్రశ్నలవి! నేను చెబుతూ చెబుతూ ఉండగానే గొంతు ముక్కులోకి దిగింది, ఆవిడ భయపడలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పైన ఫ్యాను వైపు రెప్ప వెయ్యకుండా చూడమంది, చూస్తుండగానే నా రెప్పలు వాలిపోయాయి. అప్పుడు కింద కూల్‌డ్రింకుల కొట్టు నుంచి ఐసు తెప్పించి, రుమాల్లో చుట్టి నా కుడి కన్ను మీద పెట్టింది. కాసేపయ్యాక తీసింది. సహోదరులారా, ఆ కన్ను తెరుచుకుంది! ఎడమ కన్ను వాలే ఉంది, కుడి కన్ను మాత్రం చక్కగా తెరుచుకొని మా ఆయన్ని చూస్తోంది!

"నీకు పిచ్చి లేదమ్మా" అంది ఆవిడ. "ఉంటే నేనే నయం చేసేదాన్ని, అదీ జబ్బే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఇది కండరాలకు నరాల మాట అందకపోవడం వల్ల వచ్చే జబ్బు. మయస్థీనియా అంటారు. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే కొంచెం తేరుకుంటుంది. ఆ నిద్రబిళ్ళలు ఇక ముట్టుకోవద్దు. మింగడం కష్టమైందంటే ఊపిరికీ ప్రమాదమే, ఇంటికి కాదు, ఇట్నుంచి ఇటే పెద్దాసుపత్రికి వెళ్ళండి." పిచ్చివాళ్ళ డాక్టరని ఊరంతా పేరెత్తడానికే సిగ్గుపడే మనిషి నోటితోనే నా దేవుడు జవాబు చెప్పించాడు. దేవునికే మహిమ!

ఆవిడ చెప్పినట్టే జరిగింది. ఆస్పత్రిలో చేరిన మర్నాడే నా ఊపిరి ఆడలేదు, గొట్టం వేసి మిషను మీద పెట్టారు. ఆ టైములో గొలుసులతో ఆశ్రమంలో ఉండి ఉంటే ఈ సాక్ష్యం రాసేదాన్ని కాదు, నన్ను పాతిపెట్టి నాతో పాటు దయ్యం కూడా పోయిందనుకునేవాళ్ళు. గొట్టం తీశాక మందు మొదలుపెట్టారు. బిళ్ళ మింగిన కాసేపటికి నా చేతులు వాటంతటవే పైకి లేచాయి, ఎన్నో నెలలుగా పక్కవాళ్ళ చేత దువ్వించుకుంటున్న నా జుట్టును నేనే దువ్వుకొని, నేనే ముడి వేసుకున్నాను, అది చూసి దావీదు వార్డు అంతా వినపడేలా స్తోత్రం చెప్పాడు.

నేను తిరిగి మందిరానికి వెళ్ళిన ఆదివారం, పెళ్ళయిన దగ్గర్నుంచి మందిరంలో ఎన్నడూ నోరు తెరవని మా ఆయన లేచి నిలబడ్డాడు. "నా భార్య అబద్ధమాడలా. మనమే ఆమె మాట ఇనలా. నేను అందరికంటే ముందు ఇనాల్సినోణ్ణి" అని కూర్చున్నాడు, అంతే. అయ్యగారు బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి మా ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, "దేవుడు మన ప్రార్థన విన్నాడు, మనం మాత్రం ఈ సహోదరి మాట వినలేదు, ఆయన క్షమించాలి" అని అందరి ముందూ ప్రార్థించారు. ఆ రోజు నుంచి నా బిళ్ళల టైముకు గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చేది మా అత్తగారే.

కొంతమంది ఇప్పటికీ అడుగుతారు, ఇంకా బిళ్ళలు మింగుతున్నావుగా, ఇదేం స్వస్థత అని. అన్నం కూడా రోజూ తింటున్నాను, దేవుడు నన్ను పోషించడం లేదంటారా అని వాళ్ళను తిరిగి అడుగుతాను. నా ముఠా ఆడవాళ్ళు కోతల్లో నాకు చెట్టు నీడన కూర్చొనే పని పెట్టారు, కాయ ఎంచడం, తూకం చూడడం, కేకలు వెయ్యడం, కేకలకు మాత్రం లోటు లేదు. ఆ ముఠాకు నేను మేస్త్రినని చెప్పుకోవడం నాకు గొప్ప.

ప్రియమైన సహోదరులారా, మీ ఇంట్లో ఎవరైనా నా వల్ల కావడం లేదు అని మంచాన పడితే, నాటకం అనకండి, దయ్యం అనకండి. పక్కన కూర్చొని వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి, ప్రార్థించండి, డాక్టరుకు చూపించండి, ఒక డాక్టరు పట్టుకోలేకపోతే ఇంకొకరికి చూపించండి, అది మనసుకే వచ్చిన జబ్బని తేలినా ముసుగు వెయ్యకుండా తీసుకెళ్ళండి. ఇక ఆ మంచంలో ఉండి ఇది చదువుతున్నది నువ్వే అయితే, నా తల్లీ, నా తండ్రీ, నీ మాట ఎవరూ నమ్మకపోయినా నీ ప్రభువు దగ్గర గట్టిగా అడుగు, పోట్లాడైనా అడుగు, ఆయన్ని నమ్ము. నువ్వు ఆయన్ని నమ్మకముందే ఆయన నీ మాట నమ్మాడు.