చేరిన కూత

దయ్యమనీ గాలి సోకిందనీ ఎవరైనా నా దగ్గరికొస్తే ముందు బీపీ చూస్తాను. ఇరవై ఏళ్లుగా ఏఎన్ఎంగా చేస్తున్నాను. గాలి సోకిందన్న ప్రతివాళ్లకీ జ్వరమో, రక్తం తక్కువో, ఇంట్లో పోరో తేలింది తప్ప ఇంకేమీ తేలలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ ఒక పట్టపగటి సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప మనసు ఊరుకోదు.

మాది నేలకొండపల్లి దగ్గర. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ చెప్పను. ములకలపల్లి అవతల అడవి అంచు ఊరికి బదిలీ అయినప్పుడు ముత్తవ్వ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఊరంతా నన్ను సిస్టర్ అనేవారు. నా పేరు ఎవరికీ అక్కర్లేదు. డ్యూటీ అయ్యాక గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప తోడు లేదు. ఒంటరితనమంటే నాకు లెక్కలేదని అందరితో అనేదాన్ని. అబద్ధం.

ముత్తవ్వకు డెబ్బై దాటాయి, ఆయాసం మనిషి. కొడుకూ కోడలూ పక్కింట్లోనే. మొదటి ఎండాకాలం రాగానే నన్ను మొర్రి పండ్లకని అడవికి లాక్కెళ్లింది. తెలియనివాళ్లకు చెబుతున్నా, మొర్రి పండ్లు నల్లగా, రేగుపండు కంటే చిన్నగా ఉంటాయి. తీపీ పులుపూ కలిసిన రుచి. ఆ గింజ పగలగొడితే వచ్చేదే మీరు పాయసంలో వేసుకునే సారపప్పు. సాయంత్రాలు ఎండిన గింజలు తిరగలిలో వేసి ఇద్దరం పప్పు తీసేవాళ్లం.

అడవిలో పండ్లేరే ఆడవాళ్లు పేర్లతో పిలుచుకోరు. కూతేస్తారు. ఒకరు కూస్తే రెండోవాళ్లు పలకాలి, నోట్లో పండున్నా సరే. బాట మీదికి చేరినవాళ్లు చివరగా ఒక పొడుగాటి కూత వెయ్యాలి. అది చేరిన కూత. అది వినపడేదాకా మిగతావాళ్లు పిలుస్తూనే ఉంటారు.

"అది ఎయ్యకుంట ఇంటికి పోతే పాపం బిడ్డా. ఎనకున్నది పిలుసుకుంటనే ఉంటది," అనేది ముత్తవ్వ.

ఆమె కూత రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర చిన్న దగ్గు. మొదట్లో ఆ దగ్గు కూడా కూతలో భాగమే అనుకున్నాను. మూడు ఎండాకాలాలు ఆ కూతకు పలికాను. మనల్ని ఎవరో వెతుక్కుంటున్నారంటే అంత బాగుంటుందని నాకు నలభై ఏళ్లకు తెలిసింది.

నాలుగో ఏడు పండ్లు నల్లబడే వేళకు ముత్తవ్వకు ఆయాసం ముదిరింది. భద్రాచలం దవాఖానాలో చేర్పించాం. చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, "మొర్రి పండ్లు వొచ్చినయా బిడ్డా? ఒక్కటి నోట్లేసుకుంట," అంది. ఇక ఎక్కువ రోజులు లేవని చార్టు చూస్తేనే నాకు అర్థమైంది.

మర్నాడు సెలవు పెట్టి ఒక్కదాన్నే అడవికి వెళ్లాను. ఊరి జనమంతా తునికాకు కోతకు అవతలి గుట్టకు పోయారు. మా మొర్రి చెట్లు ఇవతలి వైపు. తెలిసిన అడవే కదా అని పొగరు. టిఫిన్ డబ్బా నిండేసరికి పదకొండు. తలెత్తితే బాట ఎటో తెలియలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. అరగంట నడిచి, పండ్లు కోసిన చెట్టు కిందికే మళ్లీ వచ్చాను. నీళ్లు అయిపోయాయి. సాయంత్రానికి నేను రాకపోతే ఏదీ సిస్టర్ అని అడిగే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది. ఏడ్చాను కూడా.

అలవాటు కొద్దీ కూతేశాను. పలికింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర దగ్గు.

గుట్టకు తగిలి నా గొంతే తిరిగొచ్చిందనుకున్నాను. నా కూతలో దగ్గు లేదు మరి. మళ్లీ కూశాను. మళ్లీ ఎడమ వైపు నుంచే పలికింది. ఆలోచించే ఓపిక లేక ఆ వైపే నడిచాను. నేను ఆగితే అదే పిలిచింది. అలా గంటసేపు నడిచి రోడ్డెక్కాను. ఆటో ఒకటి వస్తుంటే గబుక్కున ఎక్కేశాను. చేరిన కూత వెయ్యలేదు. గుర్తే లేదు.

పాల్వంచలో బస్సు మారి వార్డుకు చేరేసరికి నాలుగున్నర. తలుపు దగ్గరే వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. గొంతు జీరబోయి ఉంది. కోడలు లక్ష్మి తల పట్టుకుని కూర్చుంది.

"పదకొండు దాటినకాడి నుంచి గిట్లనే కూస్తున్నది సిస్టర్. ఏంది అత్తా అంటే ఇనదు. మాస్కు గుంజేస్తున్నది. పక్క మంచాలోళ్లు తిడ్తున్రు."

ఆక్సిజన్ తగ్గితే మతి తప్పుతుంది, నాకు తెలుసు. మంచం దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను చూడలేదు. పైకప్పు చూస్తూ ఇంకోసారి కూసింది. రోగులూ వాళ్ల చుట్టాలూ అందరూ చూస్తుండగా, ఆ వార్డు మధ్యలో నిలబడి, గొంతెత్తి చేరిన కూత వేశాను.

ముత్తవ్వ ఆగిపోయింది. తల నా వైపు తిప్పి, "అవ్, చేరినవా," అని కళ్లు మూసుకుంది. ఒక పండు పెదవులకు తాకిస్తే చప్పరించింది. మూడో రోజు తెల్లారి పోయింది. మళ్లీ కూయలేదు.

వార్డు సంగతికి నా దగ్గర వైద్యం మాటలున్నాయి. అడవి సంగతికి లేవు. ఆ చెట్టుకూ ఆ మంచానికీ మధ్య రెండు బస్సుల దూరం. ఎండదెబ్బ అన్నారు మా డాక్టరుగారు. ఎండదెబ్బ తగిలినవాళ్లు దారి తప్పుతారు గానీ, దారి కనుక్కుంటారా? నాకైతే ఇప్పటికీ తెలియదు.

ప్రతి ఎండాకాలం లక్ష్మితో కలిసి మొర్రి పండ్లకు పోతున్నాను. తను కూస్తే పలుకుతాను. ఇద్దరం కలిసి బాట మీదికి వచ్చాక మాత్రం నోరు మెదపను. "గదేంది సిస్టర్, చేరిన కూత ఎయ్యవా?" అని లక్ష్మి కసురుతుంది. మరిచిపోయానంటాను.

మరిచిపోలేదు. వెయ్యకపోతే వెనకున్నది పిలుస్తూనే ఉంటుందని కదా ముత్తవ్వ చెప్పింది. పాపమైతే కానీ. లక్ష్మి గంప ఎత్తుకుని ముందు నడుస్తుంటే నేను కాసేపు అక్కడే నిలబడి వింటాను. ఇప్పటిదాకా ఏమీ వినపడలేదు.